కౌజు గుడ్లలో పిల్లలు నిండా పెరిగి లోపలే చచ్చిపోతున్నాయంటే ముందు చూడాల్సింది మెషిన్ కాదు, నీళ్లు

మీ ప్రశ్న ఇదీ. విజయవాడ పటమటలో అపార్ట్‌మెంట్. ఆగస్టులో చిన్న ఆటోమేటిక్ ఇంక్యుబేటర్ కొని 36 కౌజు గుడ్లు పెట్టారు. అందులో 24 ఫారం నుంచి తెచ్చినవి, 12 సూపర్ మార్కెట్ ప్యాకెట్‌లోవి. మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో రాసినట్టు మొదటి రోజు నుంచే అడుగున ఉన్న రెండు నీటి గాడుల్లోనూ నీళ్లు పోశారు. 12వ రోజు రెండు గంటలు కరెంటు పోయింది. 17వ రోజుకి రావాల్సిన పిల్లలు 19వ రోజు మొదలై మొత్తం 7 వచ్చాయి. మిగతావి పగలగొడితే 10 గుడ్లలో ఏమీ లేదు, 19 గుడ్లలో నూగుతో సహా నిండా పెరిగిన పిల్లలు చచ్చి ఉన్నాయి. ఇది కరెంటు వల్ల జరిగిందా, మెషిన్ మార్చాలా అని అడిగారు.

మెషిన్ మార్చకండి. కరెంటు కారణం కాదు. వానాకాలంలో మొదటి రోజు నుంచి నీళ్లు పోయడమే అసలు కారణం. దానికి తోడు లోపలి వేడి అర డిగ్రీ దాకా తక్కువగా ఉండి ఉంటుంది. ఖాళీగా ఉన్న 10 గుడ్ల సంగతి వేరు, అది తర్వాత చెప్తాను.

నేను గుంటూరు కొరిటెపాడులో మా డాబా మీద చాలా ఏళ్లుగా కౌజులు పెంచుతున్నాను. గుడ్లు కొన్ని అమ్ముతాం, కొన్ని పొదిగిస్తాం. ఈ ప్రశ్న ఏటా వానలు మొదలయ్యాక కనీసం ఇద్దరైనా అడుగుతారు, అందుకే కాస్త విడమరిచి రాస్తున్నా. ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెంటీగ్రేడ్.

ముందు కరెంటు సంగతి. ఆ రెండు గంటలే చంపి ఉంటే పిల్లలు 12వ రోజు సైజులోనే ఆగిపోయి కనిపించాలి. మీరు చూసినవి నిండా పెరిగినవి, అంటే 16, 17 రోజుల దాకా బతికే ఉన్నాయి. చచ్చిన పిల్ల ఎంత పెరిగిందో చూస్తే ఏ రోజు పోయిందో తెలిసిపోతుంది. అందుకే రాని గుడ్లని పారేయకుండా పగలగొట్టి చూడమని అందరికీ చెప్తుంటాను. మీరు ఆ పని చేశారు, అందుకే ఇంత స్పష్టంగా చెప్పగలుగుతున్నాను. అసహ్యం అనిపించినా అలవాటు చేసుకోండి. వాసన మరీ వస్తుందనుకుంటే బయట, నీళ్ల గిన్నెలో ముంచి పగలగొట్టండి.

గుడ్డులోంచి రోజూ కొంచెం నీరు పెంకు ద్వారా ఆవిరై పోవాలి. పోయిన మేరకు మొద్దు వైపు గాలి గది పెద్దదవుతుంది. పుట్టే ముందు పిల్ల పెంకు పగలగొట్టదు. ముందు లోపలి పొర చీల్చి ఆ గాలి గదిలోకి ముక్కు పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది. పెంకు పొడవడం ఆ తర్వాత. నీరు పోకపోతే గది చిన్నగా ఉండిపోతుంది, పిల్ల ఒళ్లంతా ఉబ్బి తిరగడానికి చోటు ఉండదు, ఊపిరికి గాలి చాలదు. మీరు పగలగొట్టిన గుడ్లలో పిల్ల చుట్టూ తడి ఉందా, మెడ వెనక ఉబ్బి మెత్తగా ఉందా గుర్తు తెచ్చుకోండి. ఉంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

మెషిన్‌తో వచ్చే పుస్తకాలు మన వాతావరణం చూసి రాసినవి కావు. ఆగస్టులో మన గదిలో 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకోండి. అదే గాలి మెషిన్‌లోకి వెళ్లి 37.5కి వేడెక్కితే తేమ దానంతట అదే 50 శాతం దగ్గరికి దిగుతుంది. కౌజు గుడ్లకి మొదటి 14 రోజులు కావాల్సింది 45 నుంచి 55. చుక్క నీరు పోయకుండానే సరిపోయింది కదా. దాని మీద రెండు గాడులు నింపితే 70 దాటుతుంది. అదే జనవరిలో రాత్రి గది 22 డిగ్రీలకి దిగి తేమ 60 శాతం ఉంటే, మెషిన్‌లో 25 శాతమే ఉంటుంది. అప్పుడు నీళ్లు పోసి తీరాలి. అంటే ఒకే మెషిన్, ఒకే ఇల్లు, ఒకే గుడ్లు అయినా ఆగస్టుకి, జనవరికి నీళ్ల లెక్క పూర్తిగా మారిపోతుంది. నదికి దగ్గరగా ఉన్న ఇళ్లలో తేమ ఇంకాస్త ఎక్కువ కూడా ఉండొచ్చు.

మెషిన్ మీద కనిపించే తేమ అంకెని నేను పెద్దగా నమ్మను. వంటింటి డిజిటల్ త్రాసుని నమ్ముతాను. గుడ్లు పెట్టే రోజు ట్రే లేకుండా గుడ్లన్నీ కలిపి తూచి రాసుకోండి. ఒక్కోటి 11 గ్రాములు అనుకుంటే 30 గుడ్లు 330 గ్రాములు. 14వ రోజుకి ఇందులో 12 శాతం తగ్గాలి, అంటే సుమారు 40 గ్రాములు. అంటే 7వ రోజు తూచితే 310 దగ్గర, 14వ రోజు తూచితే 290 దగ్గర ఉండాలి. 7వ రోజుకి 320 ఉందంటే నీరు పోవడం లేదు, నీళ్లు తీసేసి గాలి రంధ్రం పూర్తిగా తెరవండి. 300కి పడిపోతే మరీ ఎండిపోతోంది, నీళ్లు పెంచండి. పిల్ల లేని గుడ్లు కూడా దాదాపు అంతే తగ్గుతాయి కాబట్టి లెక్క చెడదు. మధ్యలో ఏదైనా గుడ్డు తీసేస్తే మాత్రం దాని బరువు లెక్కలోంచి తీసేయడం మర్చిపోకండి. ఈ పద్ధతిలో హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) తప్పు చూపించినా భయం లేదు.

అయినా హైగ్రోమీటర్ సరిగ్గా ఉందో లేదో చూడాలనుకుంటే తేలికే. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దలా అయ్యేంత నీళ్లు చల్లి, దాన్నీ హైగ్రోమీటర్‌నీ ఒక జిప్ కవర్లో పెట్టి మూసేయండి. ఆరేడు గంటలయ్యాక 75 చూపించాలి. 82 చూపిస్తే ఏడు ఎక్కువ చూపిస్తోందని లెక్క.

ఇక వేడి. 17, 18 రోజులకి రావాల్సినవి 19వ రోజు మొదలయ్యాయంటే లోపల 37.5 లేదు. స్క్రీన్ మీద ఉంటుంది, గుడ్ల దగ్గర ఉండదు. ఒక గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, వైరు చివర సెన్సర్ ఉన్న విడి థర్మామీటర్‌నీ, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌నీ పక్కపక్కన ముంచి కలుపుతూ చూడండి. జ్వరం థర్మామీటర్ నిజం చెప్తుంది, ఎందుకంటే అది ఈ కొద్ది డిగ్రీల కోసమే చేసింది. రెండింటికీ తేడా ఎంతో రాసుకుని, ఆ విడి థర్మామీటర్‌ని గుడ్ల ఎత్తులో పెట్టి ఆ ప్రకారం మెషిన్ సెట్ చేసుకోండి. ఫ్యాన్ ఉన్న మెషిన్‌కి 37.5 నుంచి 37.7. ఫ్యాన్ లేని థర్మోకోల్ డబ్బా అయితే పైన వేడి, కింద చల్లన ఉంటుంది కాబట్టి గుడ్ల పైభాగం దగ్గర 38.5 దాకా ఉండాలి.

ఇంకో మాట. వేడి తక్కువైతే పిల్ల ఆలస్యం అవుతుంది, కడుపు పెద్దగా మెత్తగా ఉంటుంది. వేడి ఎక్కువైతే 16వ రోజే వచ్చేస్తాయి, చిన్నగా ఉంటాయి, బొడ్డు దగ్గర మూసుకోక రక్తం చెమ్మ కనిపిస్తుంది. చల్లదనం కన్నా వేడి ప్రమాదం. ఓ గంట 30కి పడిపోయినా గుడ్డు తట్టుకుంటుంది, 40 దాటితే తట్టుకోదు.

అందుకే కరెంటు పోయినప్పుడు కంగారుపడి వేడినీళ్ల సీసాలు లోపల పెట్టొద్దు. మూత తీయకండి. దుప్పటి కప్పండి, గాలి రంధ్రం మాత్రం వదిలేయండి. ఒకటి రెండు గంటలకి ఏమీ కాదు. కౌజు గుడ్డు చిన్నది కాబట్టి కోడిగుడ్డు కన్నా త్వరగా చల్లారుతుందన్నది నిజమే, కానీ మన ఊళ్లో ఆగస్టు గది చల్లారినా ఎంతకి చల్లారుతుంది? గాలివాన వచ్చి నాలుగైదు గంటలు పోయేట్టుంటే ఇంటి ఇన్వర్టర్‌కి కలపండి. ఈ చిన్న మెషిన్లు తీసుకునేది బల్బంత కరెంటే. మీరు దుప్పటి కప్పి ఉంటే, అప్పుడు రంధ్రాలు మూసుకుపోయాయేమో అడగాలనుకున్నాను. ఆఖరి రోజుల్లో అలా జరిగితే మాత్రం అదీ ఒక కారణమే, ఎందుకంటే అప్పటికి పిల్లలకి గాలి చాలా కావాలి.

ఆ 10 ఖాళీ గుడ్ల సంగతి. గుడ్ల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేం, కానీ వాటిలో ఎక్కువ సూపర్ మార్కెట్ ప్యాకెట్‌వే అయి ఉంటాయి. తినే గుడ్ల కోసం పెంచే చోట చాలామంది పుంజుల్ని ఉంచరు, దాణా దండగ. ఉంచినా ఆ గుడ్డు ఎన్ని రోజులు ఎండలో, ఎన్ని రోజులు ఫ్రిజ్‌లో తిరిగిందో తెలియదు. ఒకటీ అరా పిల్ల వచ్చిందని వీడియోలు పెడతారు, నిజమే వస్తాయి, కానీ 18 రోజుల కరెంటుకి అది బేరం కాదు. పొదిగించే గుడ్లని అడిగి తెచ్చుకోండి: రెండు మూడు పెట్టలకి ఒక పుంజు చొప్పున ఉన్న గూటివి, వారంలోపు పెట్టినవి, 10 గ్రాములకి తగ్గనివి. పెంకు మీద రెట్ట అంటినవి వద్దు, అలాగని కడగనూ వద్దు. కడిగితే పెంకు మీద సన్నని రక్షణ పొర పోతుంది.

బస్సులోనో బండి మీదో తెచ్చిన గుడ్లని తేగానే మెషిన్‌లో పెట్టకండి. మొద్దు వైపు పైకి ఉండేలా నిలబెట్టి సగం రోజు కదలకుండా ఉంచండి. కుదుపులకి చెదిరిన గాలి గది కుదురుకుంటుంది.

కౌజు పెంకు మీద మచ్చలుంటాయి కాబట్టి లైటు పెట్టి చూడటం కోడిగుడ్డంత తేలిక కాదు. సెల్‌ఫోన్ టార్చ్ చాలదు. చీకటి గదిలో, సన్నటి మూతి ఉన్న గట్టి ఎల్‌ఈడీ టార్చ్‌ని మొద్దు వైపు ఆనించి 7వ రోజు చూడండి. బతికిన గుడ్డు సగానికి పైగా నల్లగా, పైన గాలి గది గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఖాళీది మొత్తం పసుపుగా వెలుగుతుంది. లోపల ఎర్రటి ఉంగరంలా ఉంటే మొదటి మూడు నాలుగు రోజుల్లోనే పోయిందని అర్థం. అది చాలాసార్లు గుడ్డు నిల్వలో జరిగిన పాపం. అనుమానంగా ఉన్నదాన్ని తీసేయకండి, 14వ రోజు మళ్లీ చూడొచ్చు.

తిప్పే ట్రే మీదో మాట. మీ మెషిన్ కోడిగుడ్ల కోసం చేసింది అయితే ట్రే గాడుల్లో కౌజు గుడ్లు దొర్లిపోయి కొన్ని అసలు తిరగవు. కౌజు ట్రే విడిగా దొరుకుతుంది, అది వేసుకోండి. లేకపోతే రోజుకి మూడు నుంచి ఐదు సార్లు చేత్తో తిప్పినా చాలు. ఒక వైపు గుణకారం గుర్తు, రెండో వైపు సున్నా పెట్టుకుంటే ఏది తిరిగిందో తెలుస్తుంది.

14వ రోజు సాయంత్రం తిప్పడం ఆపేయండి. ట్రే తీసేసి, జారని గుడ్డ ముక్కో గరుకు మ్యాటో పరిచి గుడ్లు పడుకోబెట్టండి. న్యూస్ పేపర్ వద్దు. ఏడు గ్రాముల పిల్ల, దాని మీద కాళ్లు జారి రెండు వైపులా పరుచుకుపోతాయి, తర్వాత సరిచేయడం కష్టం. ఇప్పుడు నీళ్లు పోయండి, తేమ 65 నుంచి 70 కావాలి. ఇది వానాకాలంలో కూడా. నీళ్లు ఎంత లోతున్నాయన్నది కాదు, ఎంత వెడల్పున ఉన్నాయన్నది ముఖ్యం. తడి స్పాంజి ముక్క పెడితే చాలు. పిల్లలు నడిచే చోట నోరు తెరిచిన నీటి గిన్నె మాత్రం వద్దు, మునిగిపోతాయి.

ఆ తర్వాత పెంకు మీద పగులు కనిపించగానే అందరికీ ఒకటే టెన్షన్, మూత తీసి సాయం చేద్దామని. వద్దు. పగులు కనిపించాక ఒక్కోసారి అరపూట పైనే ఏమీ కదలదు, అది మామూలే. ఆ టైంలో పిల్ల పచ్చసొన కడుపులోకి లాక్కుంటూ, రక్తనాళాలు మూసుకుంటూ ఉంటుంది. మీరు మూత తీస్తే తేమ ఒక్కసారిగా పోయి లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుంటుంది. అలా ఇరుక్కుపోయిన ఒక్కదాన్ని కాపాడదామని తీసి, ఇంకో ఐదింటిని ఇరికిస్తారు. పుట్టిన పిల్లలు లోపలే ఆరి నూగు విచ్చుకునే దాకా, ఒక రోజు దాకా ఉన్నా ఆకలితో చావవు. పచ్చసొన ఇంకా వాటి కడుపులోనే ఉంటుంది.

మళ్లీ ఎప్పుడు పెట్టాలని కూడా అడిగారు. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి అక్టోబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. వానాకాలంలోనే పెట్టాలంటే పెట్టండి, 14వ రోజు దాకా నీళ్లు లేకుండా. రోహిణి కార్తెలో మాత్రం పెట్టకండి. ఇంక్యుబేటర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు. మే నెలలో బెజవాడ పై అంతస్తు గది మధ్యాహ్నానికి 38, 39కి పోతే హీటర్ ఆగిపోయి కూర్చున్నా లోపల వేడి దిగదు. పైగా చివరి వారంలో గుడ్లు కూడా సొంతంగా వేడి పుట్టిస్తాయి. ఇంకో చిక్కు, ఆ వేడికి మెషిన్‌లో పెట్టకముందే గుడ్డులో పిండం కొంచెం కొంచెం పెరగడం మొదలుపెట్టి చచ్చిపోతుంది. ఏసీ గదిలో గుడ్లు దాచి, అదే గదిలో మెషిన్ పెట్టగలిగితే సరే. లేకపోతే మృగశిర వచ్చే దాకా ఆగండి.

కోడి కింద పెట్టొచ్చా అని ఇంకొకరు అడిగారు. పెట్టొచ్చు. పెంపుడు కౌజులు తరాలుగా పొదిగే అలవాటు పోగొట్టుకున్నాయి, గుడ్డు పెట్టి పక్కకి వెళ్లిపోతాయి. పొదుగుకు వచ్చిన చిన్న సైజు నాటు కోడి అయితే బాగానే కూర్చుంటుంది, పెద్ద కోడి అయితే బరువుకి కొన్ని పగులుతాయి. కోడికి 21 రోజులు అలవాటైనా 17 రోజులకే పిల్లలొస్తే ఏమీ అనుకోదు. ఇక్కడే ఓ హెచ్చరిక. నేను చెప్పేదంతా పెంపుడు జపనీస్ కౌజుల గురించి. వీటిని 1974లో అమెరికా నుంచి మన దేశానికి తెచ్చారు. పొలాల్లో తిరిగే అడవి కౌజుల్ని (కంజుల్ని), వాటి గుడ్లని పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

వచ్చిన ఆ 7 పిల్లల సంగతి. అట్టపెట్టెలో ఒక మూల బల్బు, రెండో మూల చల్లగా ఉండేలా చూడండి. ఎల్‌ఈడీ కాదు, పాత రకం బల్బు కావాలి, వేడి దాని నుంచే వస్తుంది. మొదటి వారం బల్బు కింద 35, 36 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించుకుంటూ పోండి. అంకెల కన్నా పిల్లల్ని చూడండి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, అంచులకి పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. నీళ్ల మూతలో గోళీలో గులకరాళ్లో వేయండి. దాణాగా బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ (బ్రాయిలర్ కోడిపిల్లలకి మొదటి రోజుల్లో పెట్టే మేత) తెచ్చి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి నూకలా చేసి పెట్టండి. ఉత్త నూకలు, రాగులు పెడితే పెరగవు, వీటికి మొదట్లో 24 శాతం దాకా ప్రోటీన్ కావాలి. జబ్బు అనుమానం వస్తే గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్లండి, మీకు దగ్గరే. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ పోయకండి.

ఆఖరుగా, పెట్ట ఏదో పుంజు ఏదో ఎప్పుడు తెలుస్తుందన్నారు. మామూలు గోధుమ రంగువి అయితే మూడో వారం దాటాక రొమ్ము చూడండి. పుంజుకి మచ్చ లేకుండా ఇటుక రంగు, పెట్టకి లేత రంగు మీద నల్ల చుక్కలు. తెల్లవి అయితే రంగుతో తెలియదు, ఆరేడు వారాలు ఆగాలి. అప్పటికి పెట్టలు గుడ్లు మొదలుపెడతాయి, పుంజులు కూస్తాయి. మీది అపార్ట్‌మెంట్ అంటున్నారు కాబట్టి ఒక్క పుంజునే ఉంచుకుని మిగతా పుంజుల్ని ఎవరికైనా ఇచ్చేయండి. సైజు చూసి మోసపోవద్దు, తెల్లవారుజామున గొంతు గట్టిగానే ఉంటుంది.